వేడినీళ్ల ట్యాంకూ గ్రిడ్డుకు ఆసరానే: హీట్ పంపులపై అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రులు, హోటళ్లు, హాస్టళ్లలో వేడినీళ్ల ప్లాంట్లనూ ఏసీ యంత్రాలనూ చూసుకోవడం నా వృత్తి. మేడమీద ట్యాంకు పక్కన నిలబడి గ్రిడ్డు, అంటే దేశమంతటినీ కలిపే కరెంటు లైన్ల వల, మాట ఎత్తితే యజమానులు నా వంక వింతగా చూస్తారు. వాళ్లు పదేపదే అనే మాటలనే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: గ్రిడ్డును నిలబెట్టేవి విద్యుత్ కేంద్రాలే. అందులో మన భవనం ఎంత?

వాస్తవం: మన గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అది 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలన్నది నిబంధన. ఉత్పత్తిని మించి వాడితే ఆ అంకె దిగుతుంది, వాడకం పడిపోతే ఎక్కుతుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పిన సంగతి గుర్తుండే ఉంటుంది. కొద్ది నిమిషాల్లోనే 31 వేల మెగావాట్లకు పైగా వాడకం తగ్గింది. జల విద్యుత్ కేంద్రాలు ఉత్పత్తిని చకచకా తగ్గించి, మళ్లీ అంతే వేగంగా పెంచి ఆ రాత్రిని గట్టెక్కించాయి. జనం ఆర్పినవి మాత్రం ట్యూబులైట్లు, బల్బులు. ఒక్కొక్కటీ పదుల వాట్లకు మించదు. మన మేడమీద నీళ్లు కాచే హీట్ పంపు లెక్క కిలోవాట్లలో ఉంటుంది.

అపోహ: హీట్ పంపు చలి దేశాల వస్తువు, మనకెందుకు?

వాస్తవం: మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంటే హీట్ పంపు ఉన్నట్టే. ఏసీ కూడా అదే. గదిలోని వేడిని బయట పారేస్తుంది. అదే యంత్రం బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఎక్కిస్తే వేడినీళ్ల హీట్ పంపు అవుతుంది. గాలి ఎంత వెచ్చగా ఉంటే దాని పని అంత తేలిక. విజయవాడ మధ్యాహ్నానికి మించిన అనువైన వేళ దానికి లేదు.

అపోహ: ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి వస్తుందనడం మోసం.

వాస్తవం: మోటారు బావిలో నీళ్లను పుట్టించదు, తోడుతుంది. హీట్ పంపు వేడిని తోడుతుంది. అంతే తేడా.

అపోహ: యూనిట్లు తగ్గితే చాలు, ఎప్పుడు నడిపితే ఏమిటి?

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. 5,000 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 175 యూనిట్ల వేడి కావాలి. కాయిల్ హీటరుతో అయితే అంత కరెంటూ కాలుతుంది. మూడున్నర రెట్లు వేడి తోడే హీట్ పంపుతో 50 యూనిట్లు చాలు. యజమాని లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. గ్రిడ్డు లెక్క ఇక్కడే మొదలవుతుంది. ఆ 50 యూనిట్లను సాయంత్రం ఏడింటికి లాగితే, సూర్యుడు దిగిపోయి సౌర విద్యుత్తు ఆగిన వేళ, దీపాలూ వంటిళ్లూ ఒక్కసారిగా మేలుకున్న వేళ, ఆ బరువు బొగ్గు, జల విద్యుత్ కేంద్రాలపై పడుతుంది. ఉదయం పదకొండు నుంచి మూడు గంటల మధ్య లాగితే మిగులుతున్న ఎండ కరెంటు ట్యాంకులో వేడిగా నిలవ ఉంటుంది.

శ్రీశైలం ఎడమగట్టు జల విద్యుత్ కేంద్రంలో రివర్సిబుల్ టర్బైన్లు ఉన్నాయి. కరెంటు చవకగా ఉన్నప్పుడు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు వదలడానికి పెట్టినవి. ట్యాంకు చేసే పనీ ఆ కోవలోనిదే, కాకపోతే కరెంటు తిరిగి ఇవ్వదు. పీక్ వేళ, అంటే వాడకం బాగా ఎక్కువగా ఉండే వేళ, కరెంటు అడగకుండా ఊరుకుంటుంది. గ్రిడ్డుకు ఆ ఊరుకోవడమే సాయం. 2023లో కేంద్ర ప్రభుత్వం సవరించిన నిబంధనల్లో ఎండ వేళల టారిఫ్ సాధారణం కన్నా తక్కువగా, పీక్ వేళల్లో ఎక్కువగా ఉండాలన్న సూత్రం ఉంది. మీ బిల్లులో వేళను బట్టి టారిఫ్ మారుతోందేమో ఒకసారి చూసుకోండి.

అపోహ: నడిపే వేళ మారిస్తే తెల్లవారేసరికి నీళ్లు చల్లబడతాయి.

వాస్తవం: ఒక ఆసుపత్రిలో నాకు ఈ భయం నిజమయింది. యంత్రాల వేళను పగటికి మార్చిన మూడో రోజు, ఉదయం ఆరున్నరకు ప్రసూతి వార్డు నుంచి ఫోను. నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయని సిస్టర్ చెప్పారు. బాలింతలకు వేడినీళ్లు లేవంటే ఊరుకోగలమా? పరుగెత్తి వెళ్లాను. ట్యాంకు మొత్తం ఒకే వేడిలో ఉంది. అలా ఉండకూడదు. వేడినీరు పైన, చల్లనీరు కింద పొరలుగా నిలవాలి. వార్డుల్లో తిరిగి వెనక్కి వచ్చే రిటర్న్ పైపు నీరు రాత్రంతా ట్యాంకు మధ్యలోకి జోరుగా పడి ఆ పొరలను కలిపేస్తోంది. పైపు చివర చిల్లుల గొట్టం బిగించి జోరు తగ్గించాం. చిరిగిన పైపు తొడుగులు మార్చాం. ఆ తర్వాత మధ్యాహ్నం 55 దగ్గర ఆపిన ట్యాంకు పై పొర తెల్లవారుజామున 53 చూపింది. తప్పు వేళ మార్చడంలో లేదు, పైపు బిగింపులో ఉంది.

ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. గోరువెచ్చని నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. ఆసుపత్రి ట్యాంకును క్రమం తప్పకుండా 60 డిగ్రీలు దాటించాలి. ఆ పూట యూనిట్లు ఎక్కువ పడతాయి, పడనివ్వండి.

యంత్రాల పగ్గాలు గ్రిడ్డు వాళ్లకు ఇస్తే వాళ్లిష్టం వచ్చినట్టు ఆపేస్తారన్న భయం కూడా నేను విన్నాను. జర్మనీలో 2024 జనవరి నుంచి కొత్తగా పెట్టే పెద్ద హీట్ పంపులకు ఒక నియమం ఉంది. లైన్లపై ఒత్తిడి పెరిగితే పంపిణీ సంస్థ వాటి వాడకాన్ని తగ్గించవచ్చు. అయితే 4.2 కిలోవాట్ల కన్నా కిందికి దించకూడదు, బదులుగా నెట్‌వర్క్ రుసుములో రాయితీ ఇవ్వాలి. హద్దు ముందే రాసుకుంటే భయానికి చోటుండదు. జపాన్‌లో 2001 నుంచి అమ్ముతున్న ఎకోక్యూట్ అనే వేడినీళ్ల హీట్ పంపులు మొదట రాత్రి చవక కరెంటుతో నీళ్లు కాచేవి. సౌర విద్యుత్తు పెరిగాక పగలు కాచే రకాలూ వచ్చాయి.

అపోహ: మాటిమాటికీ ఆపి నడిపితే కంప్రెసర్ పాడవుతుంది.

వాస్తవం: సగం నిజం. ఆపిన వెంటనే నడిపితే పాడవుతుంది. అందుకే దాదాపు ప్రతి యంత్రంలో మూడు నిమిషాల విరామం పెట్టి ఉంటుంది. దాన్ని తీసేయకండి. వేగం మార్చుకోగల ఇన్వర్టర్ రకాలను ఆపనక్కర్లేదు, వేగం తగ్గిస్తే చాలు.

అపోహ: హీట్ పంపు ఎక్కడున్నా గ్రిడ్డుకు మేలే.

వాస్తవం: కాదు. గంటసేపు కరెంటు పోయి వచ్చిన క్షణాన్ని గుర్తు చేసుకోండి. గదులు వేడెక్కి, ట్యాంకులు చల్లబడి, వీధిలోని కంప్రెసర్లన్నీ ఒకేసారి లేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మళ్లీ ఎగిరిపోతుంది. వోల్టేజీ బాగా పడినప్పుడు సింగిల్ ఫేజ్ కంప్రెసర్లు బిగుసుకుపోయి, తిరగకుండానే మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు లాగి వోల్టేజీని ఇంకా కుంగదీస్తాయి.

అందుకని నేను చూసే భవనాల్లో కరెంటు వచ్చాక మొదటి హీట్ పంపు నాలుగో నిమిషంలో లేస్తుంది, రెండోది తొమ్మిదో నిమిషంలో. లాబీ ఏసీలకు పన్నెండు నిమిషాలు పెట్టాం. ఆపరేషన్ థియేటర్ ఏసీ మాత్రం జనరేటర్ మీదే ఉంటుంది, దాని జోలికి వెళ్లం. ఈ అంకెలను పెయింటుతో ప్యానెల్ తలుపు లోపల రాయించాను, రాత్రి డ్యూటీ ఎలక్ట్రీషియన్ ఎవరైనా సరే మార్చకుండా.