కాళేశ్వరంలో గురుడి లెక్క, వాన లెక్క

కాళేశ్వరానికి ఐదేళ్ల వ్యవధిలో మూడు పుష్కరాలు. 2022 ఏప్రిల్ 13న ప్రాణహితకు, 2025 మే 15న సరస్వతికి మొదలయ్యాయి. ఇక 2027 జూన్ 26న గోదావరికి. ఆ తర్వాత 2034 దాకా ఏమీ లేవు. హన్మకొండ నుంచి భూపాలపల్లి, మహదేవ్‌పూర్ మీదుగా అక్కడికి బయల్దేరేవాళ్లలో చాలామందికి ఒకటే అనుమానం: పుష్కరాలంటే పన్నెండేళ్లకోసారి కదా, ఇన్నెందుకు?

గురుగ్రహం సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి 11.86 ఏళ్లు పడుతుంది. అంటే ఒక్కో రాశిలో సుమారు ఏడాది. పంచాంగం ఒక్కో రాశికి ఒక నదిని ముడిపెట్టింది. గురుడు మీనంలోకి వస్తే ప్రాణహితకు, మిథునంలోకి వస్తే సరస్వతికి, సింహంలోకి వస్తే గోదావరికి పుష్కరాలు. మీనం నుంచి మిథునానికి మూడు రాశులు, అక్కడి నుంచి సింహానికి రెండు. త్రివేణీ సంగమం కాబట్టి మూడూ ఇక్కడే పడతాయి.

పన్నెండేళ్లు తిరిగేసరికి గురుడు తన చుట్టు పూర్తిచేసి ఇంకో నాలుగు డిగ్రీలు ముందుకెళ్లి ఉంటాడు. అందుకే గోదావరి పుష్కరాల తేదీ ముందుకు జరుగుతూ వస్తోంది: 2003లో జూలై 30, 2015లో జూలై 14, 2027లో జూన్ 26. హరిద్వార్ కుంభమేళాదీ గురుడి లెక్కే. 2010 తర్వాత పదకొండేళ్లకే, 2021లో వచ్చిందంటే ఈ తేడా పోగుపడడం వల్లే.

ఇంకో చిక్కుంది. మన రైలు పక్క ట్రాక్ మీది గూడ్స్ బండిని దాటుతుంటే అది వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది కదా. భూమి గురుణ్ణి దాటే రోజుల్లోనూ అంతే: పదమూడు నెలలకోసారి, సుమారు నాలుగు నెలలు, అతను వెనక్కి నడిచినట్టు కనిపిస్తాడు. ఇదే వక్రగతి. 2026 అక్టోబరు చివర్లోనే సింహంలో అడుగుపెట్టి, జనవరిలో కర్కాటకానికి మళ్లి, జూన్‌లో తిరిగి వస్తాడు. 2027 పుష్కరాలకు పట్టుకున్నది ఈ రెండో రాకనే. మబ్బులు లేకపోతే అప్పుడు పొద్దుగూకాక పడమట గురుణ్ణి, దగ్గర్లోనే మఖ నక్షత్రాన్ని చూడొచ్చు. సింహరాశి మొదలయ్యేది మఖతోనే.

నదికి మాత్రం వాన లెక్క. జూన్ చివరికి తెలంగాణలో రుతుపవనాలు ఇంకా కొత్త. ఎగువన గోదావరి మీది శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి జలాశయాలు మామూలుగా అప్పటికి నిండవు. అలాంటప్పుడు ఘాట్‌కు చేరేది ఎక్కువగా ప్రాణహిత నీళ్లే. వార్ధా, వైన్‌గంగ కలిసి ఏర్పడిన ఈ నది పరీవాహక ప్రాంతం సుమారు 1,09,000 చదరపు కిలోమీటర్లు. గోదావరి మొత్తం పరీవాహకంలో మూడో వంతు పైనే. గోదావరి పుష్కరానికని వెళ్లి మనం మునిగేది చాలావరకు ప్రాణహితలోనన్నమాట. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది.

మరి అంతర్వాహిని సరస్వతి? అది నమ్మకం, దాన్ని అలాగే ఉండనిద్దాం. ఇసుక కింద నీళ్లు పారడం మాత్రం కళ్లారా చూడొచ్చు. ఎండాకాలం ఏటి ఇసుకలో మోచేతి లోతు చెలిమె తవ్వండి. ముందు తడి ఇసుక తగులుతుంది, అంచులు కూలుతుంటాయి, కాసేపటికి అడుగున మడ్డి నీళ్లు ఊరతాయి. దోసిలితో రెండుసార్లు తోడేస్తే తేటపడతాయి. ఇసుక మేటలో దాదాపు మూడో వంతు రేణువుల మధ్య ఖాళీయే. ఆ సందుల్లోంచి నీళ్లు నెమ్మదిగా దిగువకు సాగుతూ బురదను వదిలేస్తాయి. తేటగా ఉన్నాయని తాగేయకండి. వేలమంది మునిగే చోట అసలే వద్దు.

2003 నాటి జూలై నీటిమట్టం చూసుకుని 2027కి ఘాట్లు కడితే చివరి మెట్టు ఇసుకలోనే ఆగిపోవచ్చు. ప్రాణహిత మీద టేక్రా దగ్గర కేంద్ర జలసంఘం ప్రవాహాన్ని కొలుస్తుంది. జూన్ చివరి వారపు ఆ లెక్కలు ముందు పెట్టుకుని మెట్లు ఎంత దిగువకు వేయాలో, బారికేడ్లు ఎక్కడ కట్టాలో తేల్చాలి. ప్రాణహితకు ఎగువనున్న విదర్భలో గట్టి వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నది పెరుగుతుంది కాబట్టి, ఘాట్‌లో మైకు హెచ్చరికలు కూడా టేక్రా కొలతలను బట్టే వెళ్లాలి.