బోడి దిబ్బలే వాటి పురిటిగదులు

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవికి వెళ్లినవాళ్లకు ముందు కొమ్మల మీద కొంగలే కనిపిస్తాయి. అదే తీరంలో, చెట్టూ చేమా లేని ఇసుక మీద గుడ్లు పెట్టే పిట్టలు వేరే ఉన్నాయి. నీటి మీద ఎగురుతూ చేపలు పట్టే టెర్న్‌లు, ఒడ్డున పరుగులు తీసే ప్లోవర్లు. వాటికి పనికొచ్చే ఇసుక దశాబ్దాలుగా తరిగిపోతోంది. ఎందుకో తెలియాలంటే నదిని పట్టుకుని కాస్త ఎగువకు వెళ్లాలి.

ముందు పిట్ట అవసరం చూద్దాం. టెర్న్ గూటిలో పుల్లా ఆకూ ఉండవు. రొమ్ముతో ఇసుకను ఒత్తి చేసిన చిన్న గుంట, అందులో రెండో మూడో గుడ్లు, అంతే. ఇసుక రంగు మీద గోధుమ మచ్చలు. పగిలిన గవ్వల మధ్య ఉంటే కాలు పడేదాకా కనబడవు. ఎండ మండిపోతుంటే పెద్దపిట్ట పొట్ట తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఆ గుడ్లకు రంగు తప్ప వేరే రక్షణ లేదు కాబట్టి, దిబ్బను ఎంచుకోవడంలోనే సగం బతుకుంది. మామూలు పోటు ఎక్కనంత ఎత్తు ఉండాలి. చుట్టూ నక్క దాటలేనంత నీరుండాలి. కొమ్మంటూ ఉంటే కాకో గద్దో కాపు కాస్తుంది కాబట్టి చెట్లు వద్దు. దిబ్బ మరీ పెద్దదైతే నక్కలూ కుక్కలూ అక్కడే కాపురం పెడతాయి, మరీ చిన్నదైతే ఒక్క పెద్ద అల ఊడ్చుకుపోతుంది. కొంగలు, నీటికాకుల దారి వేరు. వాటికి చెట్టే కావాలి, కింద నీళ్లుంటే మరీ మంచిది.

ఇన్ని షరతులకు సరిపడే దిబ్బల్ని ఒకప్పుడు గోదావరి వరదే పోసేది. కాకినాడ ఎదురుగా 16 కిలోమీటర్లకు పైగా సాగిన హోప్ ఐలాండ్ అలా పుట్టిందే. గోదావరి పాయ గౌతమి తెచ్చిన ఇసుకను సముద్రం తీరం వెంబడి ఉత్తరానికి నెట్టుకుపోగా, రెండు శతాబ్దాలకు పైగా పేరుకున్న మేట అది. కాకినాడ రేవును అలల నుంచి కాస్తున్నదీ, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఆ ఇసుకే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కరువుతో అల్లాడిన డెల్టాకు అన్నం పెట్టిన ఆ పనికి ఈ గోదావరి జిల్లాల్లో ఎవరం వంక పెట్టలేం. ఇసుక మీద అసలు దెబ్బ తర్వాత పడింది. ఎగువన జయక్వాడి, శ్రీరాంసాగర్ వంటి జలాశయాలు వచ్చాక ఒండ్రు అక్కడే ఆగిపోవడం మొదలైంది. 1970ల్లో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు దిగిన ఒండ్రు 1990ల నాటికి 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. కొత్త ఇసుక రాకపోతే సముద్రం పాతదాన్ని తినేస్తుంది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో సముద్రపు కోతకు ఇళ్లు కూలడం అందరికీ తెలుసు. దిబ్బలు కరిగితే మాత్రం అడిగేవాళ్లు లేరు.

ఇంకో మార్పు మంచి ఉద్దేశంతోనే వచ్చింది. 1977, 1996 తుఫానులు, 2004 సునామీ చూశాక తీరం పొడవునా సరుగుడు వేశారు. ఊళ్ల ముందు అది ఉండాల్సిందే. కానీ ఖాళీగా ఉందని ప్రతి ఇసుక తిన్నె మీదా మొక్క నాటితే, టెర్న్ గూటి నెత్తి మీద కాకికి కొమ్మ వేసినట్టే.

కాకినాడ తీరానికి చలికాలంలో ఇండియన్ స్కిమ్మర్లు వస్తాయి, కింది ముక్కుతో నీటిని చీలుస్తూ చేపలు పట్టే పిట్టలివి. అవి గుడ్లు పెట్టేది మాత్రం చంబల్ వంటి నదుల ఇసుక లంకల మీద. కాబట్టి శీతాకాలంలో గుంపులు కనిపించాయని దిబ్బ బాగుందనుకోకూడదు. వేసవిలో, మార్చి నుంచి జూన్ దాకా అక్కడ గుడ్లున్నాయా, పిల్లలు ఎగిరాయా అన్నదే లెక్కలోకి రావాలి. 1978లో కోరంగిని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు మన దృష్టంతా మడచెట్ల మీదే ఉంది, అది న్యాయమే. ఇప్పుడు పోటు ఎక్కని కొన్ని బోడి దిబ్బల్ని గుర్తించి, అక్కడ మొక్కలు నాటకుండా, ఆ నాలుగు నెలలు కుక్కల్ని రానివ్వకుండా, చేపల వ్యర్థాలు పడేయకుండా చూడాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ అవ్వదు.