రియాక్టర్ ఆయుష్షు పెంచితే తుమ్మలపల్లెకేంటి?

పాత అణు రియాక్టర్ల ఆయుష్షు పెంచాలనే మాట వచ్చినప్పుడల్లా తారాపూర్, కల్పాక్కం పేర్లే వినిపిస్తాయి. కడప జిల్లా వేముల మండలం పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తి తీరాలి. అక్కడి తుమ్మలపల్లె గనిలో తీసిన యురేనియం హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు వెళ్లి ఇంధనం అవుతుంది. రియాక్టర్లు ఇంకా ఇరవై ఏళ్లు నడవాలంటే గనీ నడవాలి, దాని పక్కన వ్యర్థాల చెరువూ నిండుతూ పోవాలి.

తారాపూర్ మొదటి రెండు యూనిట్లు 1969లో మొదలయ్యాయి. 210 మెగావాట్లకు కట్టినవాటిని తర్వాత 160కి తగ్గించి నడిపారు. కల్పాక్కం మొదటి యూనిట్ 1984లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. మధ్యలో ఆపి లోపలి ఇంధన గొట్టాలన్నీ మార్చారు. అమెరికాలో లైసెన్సుకు మొదట పెట్టిన గడువు 40 ఏళ్లు. యంత్రం అంతకన్నా మన్నదని కాదు, పెట్టుబడి లెక్కలు, వ్యాపార పోటీ చూసుకుని పెట్టిన గడువది. తర్వాత అరవై అన్నారు, ఇప్పుడు ఎనభై కూడా ఇస్తున్నారు.

గడువు పెరిగినంత సులువుగా ఆరోగ్యం లెక్కలు ముందుకు సాగలేదు. జర్మనీలో 16 అణు కేంద్రాల చుట్టుపక్కల చేసిన అధ్యయనం 2007లో బయటికొచ్చింది. ఐదు కిలోమీటర్ల లోపు ఉండే ఐదేళ్లలోపు పిల్లల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) దాదాపు రెట్టింపు కనిపించింది. కేంద్రం నుంచి వెలువడే రేడియేషన్ అంత తక్కువైతే ఇదెలా అన్నది పరిశోధకులే తేల్చలేకపోయారు. అమెరికా నియంత్రణ సంస్థ 2010లో ఇలాంటి అధ్యయనానికే పూనుకుంది. ఖర్చెక్కువ, కాలం ఎక్కువ పడుతుందని 2015లో వదిలేసింది. ఒకవైపు లైసెన్సులు పొడిగిస్తూ మరోవైపు ఈ పని ఆపేయడం నాకు ఏ కోణంలోనూ సబబుగా తోచదు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో మూడు లక్షల మందికి పైగా అణు కార్మికుల రికార్డులు చూసి 2023లో ప్రచురించిన అధ్యయనం, చిన్న రేడియేషన్ డోసులు చాలాకాలం తగిలినా క్యాన్సర్ మరణాల ముప్పు పెరుగుతుందనే చెప్పింది.

ఇక మన సంగతి. 2007, 2008 ప్రాంతంలో స్వదేశీ యురేనియం చాలక మన రియాక్టర్లు సగం సామర్థ్యంతో నడిచాయి. తుమ్మలపల్లెకు 2007లో శంకుస్థాపన జరగడం వెనుక ఆ కరువు ఉంది. 2012లో గని, మిల్లు నడక మొదలుపెట్టాయి. నిల్వలు పెద్దవే, రాయిలో యురేనియం పాలు మాత్రం బాగా తక్కువ: టన్ను రాయి పొడిచేస్తే అరకిలో యురేనియం కూడా రాదు. మిగిలిందంతా బురదగా చెరువులోకే పోతుంది. రాయిలోని రేడియోధార్మికతలో అధిక భాగం, 1600 ఏళ్లకు గానీ సగం తగ్గని రేడియంతో సహా, ఆ బురదలోనే ఉంటుంది. యురేనియాన్ని కరిగించేది సోడియం లవణాలతో కాబట్టి అవీ దాంట్లో ఉంటాయి.

చెరువు దగ్గరి కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె లాంటి ఊళ్ల రైతులు మొర పెట్టుకుంది దీని గురించే. బోరు నీళ్లు పారిస్తే మట్టి మీద తెల్లటి పొర తేలుతోందని, అరటి చెట్లు ఎండిపోతున్నాయని, ఒంటికి దురదలు, దద్దుర్లు వస్తున్నాయని చెప్పారు. చెరువు అడుగున నీరు ఇంకకుండా ప్లాస్టిక్ షీటు వేయలేదన్నది వాళ్ల ప్రధాన ఆరోపణ; బంకమట్టి పొర చాలన్నది గని నడిపే ప్రభుత్వ కంపెనీ వాదన. నీళ్లలో యురేనియం ఎక్కువైతే ముందు దెబ్బతినేది కిడ్నీలు. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న హద్దు 60. లీటరుకు 45 ఉన్న బోరు నీళ్లను ఒక లెక్కలో తాగకూడదు, ఇంకో లెక్కలో తాగొచ్చు. ఆ ఇంటి ఇల్లాలు ఏ లెక్క పట్టుకుని బిందె నింపాలి?

పొరుగు ప్రాంతాల జనం ఇదంతా గమనిస్తూనే ఉన్నారు. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలియగానే చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తుమ్మలపల్లె వాళ్లకు ఆ అవకాశం దాటిపోయింది.

రియాక్టర్‌కు పదేళ్లకోసారి సమగ్ర భద్రతా సమీక్ష ఉంది. గని ఊళ్లలో కూడా పదేళ్లకోసారి కిడ్నీ, రక్త పరీక్షలు, బోరు నీళ్ల పరీక్షలు కంపెనీతో సంబంధం లేని డాక్టర్లు, శాస్త్రవేత్తలు చేయాలి. ఫలితాలు తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి. ఆ కాగితం చూశాకే రియాక్టర్ ఆయుష్షు పొడిగింపు ఫైలు మీద సంతకం పడాలి.