నడిమి పేజీ లేని సినిమా పత్రిక

పాలకొల్లు, భీమవరం, అమలాపురం వైపు పెరిగినవాళ్లకి సినిమా పత్రిక అనగానే మంగలి షాపు గుర్తొస్తుంది. మన వంతు వచ్చేదాకా తిరగేయడానికి బల్ల మీద నలిగిపోయిన సితారో జ్యోతిచిత్రో ఉండేది. నడిమి పేజీలో హీరోయిన్ బొమ్మ మాత్రం ఉండేది కాదు, ఎవరో అప్పటికే చింపుకుపోయేవారు.

ఇంత సినిమా పిచ్చి ఉన్నచోట నిఖార్సైన సమీక్ష ఎందుకు కరువైంది? 1936లోనే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో వెలిసినా, పరిశ్రమ కుదురుకున్నది మద్రాసులోనే. చూసే జనం ఇక్కడ, తీసేవాళ్లు అక్కడ. అక్కడి కబుర్లు ఇక్కడికి మోసుకురావడమే పత్రికల పని అయింది.

1966లో విజయచిత్రను మొదలుపెట్టింది విజయా సంస్థ వాళ్లే. అచ్చు, ఫొటోలు ముచ్చటగా ఉండేవి, దాచుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ నిర్మాత ఇంటి పత్రిక తోటి నిర్మాత సినిమాని ఉతికి ఆరేస్తుందనుకోవడం అత్యాశ. 1970ల్లో దినపత్రికల వాళ్ల సితార, జ్యోతిచిత్ర వచ్చాయి. యజమాని మారినా ప్రకటనలిచ్చేది సినిమా వాళ్లే కదా! పైగా సితార అధిపతి రామోజీరావు కూడా తర్వాత నిర్మాత అయ్యారు. 1984లో ఉదయం దినపత్రిక పెట్టిన దాసరి నారాయణరావు అయితే దర్శకుడే. ఆయనది మన పాలకొల్లే. శివరంజని సినిమా పత్రిక ఆ గూటి నుంచే వచ్చింది.

అలాగని రాయగలవాళ్లు లేక కాదు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ 1950ల్లో ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాశారు. నవ్విస్తూనే చురక పెట్టే కలం. 1960లు వచ్చేసరికి ఆయన సినిమాలకే రాస్తున్నారు. ప్రేక్షకుడికి లాభమే అనుకోండి, సమీక్షకి మాత్రం నష్టం.

ఇక్కడ అసలు విమర్శ సోడా కొట్టు దగ్గర నడిచేది. "ఫస్టాఫ్ పర్లేదండీ, సెకండాఫ్ సాగదీశాడు" అని ఎవరో తేల్చేసేవారు. ఆ 'టాక్' సాయంత్రానికి పక్క ఊరు చేరేది. సాగదీసింది ఏ సీన్లోనో, ఎందుకో కూడా వివరంగా చెప్పుకునేవారు.

1995లో ప్రైవేటు టీవీ, 1999లో ఐడిల్‌బ్రెయిన్ అనే సినిమా వెబ్‌సైటు వచ్చాక పత్రికల కబుర్లు పాతబడ్డాయి. ఇప్పుడు పెద్ద సినిమా అయితే, మనవాళ్లు మార్నింగ్ షో గేటు దాటేలోపే అమెరికా ప్రీమియర్ రేటింగు ఫోన్లోకి వచ్చేస్తోంది. 2.75కీ 3కీ తేడా ఏమిటో చెప్పే వాక్యం మాత్రం ఆ సమీక్షల్లో ఎక్కడో గానీ కనపడదు.