చలి సముద్రాల క్రూయిజ్‌కి కెమెరా, లెన్స్‌లు: అపోహలు - వాస్తవాలు

నేల మీద ఫొటో తీసేటప్పుడు ఫ్రేమ్ కుదరకపోతే నాలుగడుగులు ముందుకేస్తాం, లేదంటే పక్కకు జరుగుతాం. ఓడ మీద ఆ వీలుండదు. ఎక్కడ ఆగాలి, హిమానీనదానికి ఎంత దూరంలో ఉండాలి, ఎంతసేపు ఉండాలి అన్నది కెప్టెన్ చేతిలో ఉంటుంది. అలాస్కా, నార్వే, దానికి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు, అంటార్కిటికా వైపు వెళ్లే ఓడల్లో చాలా ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నాను, తోటి ప్రయాణికులకు నేర్పుతున్నాను కూడా. ఎంతో ఖర్చుపెట్టి కొన్న సామాను మోసుకొచ్చి, సరిగ్గా మంచుగోడ విరిగే సమయానికి బ్యాగ్‌లో లెన్స్ వెతుక్కునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చాలామందికి అది జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణం. అందుకే ప్రతి ట్రిప్‌లోనూ నాకు ఎదురయ్యే కొన్ని నమ్మకాల గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: లెన్స్ ఎంత పొడుగైతే అంత మంచిది

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. మనకూ దృశ్యానికీ మధ్య ఉన్న దూరాన్ని 36తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసి ఉండే ఎంఎం అంకె) భాగిస్తే ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు పడుతుందో తెలిసిపోతుంది. ఈ చిన్న లెక్క తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

అలాస్కాలోని గ్లేసియర్ బే నేషనల్ పార్క్‌లో మార్జరీ హిమానీనదం ఉంది. దాని ముఖం దాదాపు 1.6 కిలోమీటర్ల వెడల్పు, నీటిపైన సుమారు 75 మీటర్ల ఎత్తు. ఓడ దానికి 400 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 24 ఎంఎం దగ్గర 600 మీటర్ల వెడల్పు ఫ్రేమ్‌లోకి వస్తుంది. 100 ఎంఎం దగ్గర 144 మీటర్లు. 400 ఎంఎం దగ్గర 36 మీటర్లే. అంత పెద్ద గోడలో ఏ 36 మీటర్ల ముక్క విరుగుతుందో ముందే ఎవరు చెప్పగలరు? చప్పుడు విని తిరుగుదామంటే, 400 మీటర్ల నుంచి ఆ చప్పుడు మనదాకా రావడానికే ఒక సెకను పైన పడుతుంది. కెమెరా అటు తిప్పి ఫోకస్ చేసేలోపు మంచు నీళ్లలో పడిపోయి ఉంటుంది. అందుకే హిమానీనదం ముందు నేను 100 నుంచి 150 ఎంఎం మధ్య పెట్టుకుని ఎదురుచూస్తాను. గోడలో కాస్త పెద్ద భాగం కనిపిస్తూ ఉంటుంది, అందులో ఎక్కడ రాలడం మొదలైనా ఫ్రేమ్‌లో దొరుకుతుంది. చిన్న చిన్న పెళ్లలు రాలుతున్న చోట తరచూ పెద్ద ముక్క కూడా ఊడుతుంది కాబట్టి కన్ను అక్కడ ఉంచుతాను.

తిమింగలాల సంగతి వేరు. అలాస్కా నీళ్లలో హంప్‌బ్యాక్ తిమింగలానికి 100 గజాల లోపలికి పడవలు వెళ్లకూడదని నిబంధన ఉంది. ఆ దూరం నుంచి 400 ఎంఎంలో 8 మీటర్ల వెడల్పు పడుతుంది. తోక దాదాపు 4, 5 మీటర్లు ఉంటుంది కాబట్టి ఫ్రేమ్ చక్కగా నిండుతుంది. అంతకన్నా పొడుగు లెన్స్ పెడితే తోక చివర్లు తెగిపోయే ప్రమాదం ఉంది. ఇది తిమింగలాలు చూపించే చిన్న బోట్ల మాట. పెద్ద ఓడ డెక్ మీద నుంచైతే అవి చాలా దూరంగానే కనిపిస్తాయి. అప్పుడు తోక ఒక్కటే కాకుండా నీళ్లు, కొండలు, పొగమంచు అన్నీ కలిపి తీస్తేనే ఫొటో నిలుస్తుంది.

నిజంగా పొడుగు లెన్స్ కావాల్సిన చోటు స్వాల్‌బార్డ్. అక్కడ ధ్రువపు ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి. మార్చి 1 నుంచి జూన్ 30 వరకైతే 500 మీటర్లు. 300 మీటర్ల దగ్గర 600 ఎంఎంలో కూడా 18 మీటర్ల వెడల్పు పడుతుంది, రెండు మీటర్లు దాటిన ఎలుగుబంటి అందులో చిన్నగానే ఉంటుంది. అక్కడికి వెళ్లేవాళ్లు 150-600 లేదా 200-600 లాంటి జూమ్ తీసుకెళ్లండి. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) బాడీ ఉంటే 400 ఎంఎం లెన్స్ 600 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది కాబట్టి అదీ మంచి దారే. 600 ఎంఎం ఎఫ్/4 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) జోలికి మాత్రం వెళ్లొద్దు. మూడు కిలోల బరువు మోస్తూ గాలిలో గంటలు నిలబడటం ఎవరి వల్లా కాదు, పైగా ఎలుగుబంటి దగ్గరికి వచ్చినా జూమ్ తగ్గించలేరు.

నార్వే ఫ్యోర్డ్‌లు, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయలు, ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. నేరోయ్ ఫ్యోర్డ్ ఇరుకైన చోట 250 మీటర్ల వెడల్పే, రెండు వైపులా వెయ్యి మీటర్లు దాటిన కొండలు. అక్కడ 16-35 లాంటి వైడ్ లెన్స్ పెట్టి, కెమెరాను నిలువుగా పట్టుకోవాలి.

ఒక్క జత చెప్పమంటే 24-105, 100-400 అంటాను. ఈ రెండింటితో పదింట తొమ్మిది ఫొటోలు వచ్చేస్తాయి.

అపోహ: జూమ్‌లో ఫొటో మసగ్గా వస్తే లెన్స్ లోపమే

వాస్తవం: చాలాసార్లు తప్పు గాలిది. చల్లటి నీటి మీద వెచ్చటి గాలి పొర కదులుతుంటే దూరపు వస్తువులు అలలు అలలుగా కనిపిస్తాయి. ఎండాకాలం తారు రోడ్డు మీద చూసే మెలికలే ఇవి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దీన్ని సరిచేయలేదు.

ఇందులో మన చేతిలో ఉన్నవి రెండున్నాయి. బాల్కనీ తలుపు తెరిచి, క్యాబిన్ లోపల నిలబడి తీయకండి. వెచ్చటి గది గాలి బయటికి పోతూ సరిగ్గా లెన్స్ ముందు నుంచే వెళ్తుంది. బయటికి వచ్చి, తలుపు మూసి, లెన్స్ బయటి చలికి అలవాటు పడేదాకా పావుగంట ఆగండి. రెండోది, ఓడ పొగగొట్టం నుంచి వచ్చే వేడిగాలి మీ ఫ్రేమ్‌కి అడ్డం రాని చోటు చూసుకోండి. సర్వీస్ సెంటర్‌కి పంపాల్సిందే అనుకున్న లెన్స్‌లు ఈ రెండు మార్పులతోనే చక్కటి ఫొటోలు ఇవ్వడం చాలాసార్లు చూశాను.

అపోహ: ట్రైపాడ్ లేకుండా ఇలాంటి ట్రిప్‌కి వెళ్లకూడదు

వాస్తవం: ట్రైపాడ్ కెమెరాను నేలకు బిగిస్తుంది. ఇక్కడ ఆ నేలే కదులుతోంది. ఇంజిన్ అదురు డెక్‌లోంచి ట్రైపాడ్ కాళ్లలోకి, అక్కడి నుంచి కెమెరాలోకి పాకుతుంది. రెయిలింగ్ మీద మోచేతులు ఆనించినా అంతే. మన ఒళ్లే మంచి కుషన్. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి పట్టుకోండి. పొడుగు లెన్స్‌తో కొండలు, మంచు తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ 1/500 సెకను కన్నా తగ్గనివ్వను. తిమింగలాలకు, పక్షులకు 1/1600 లేదా 1/2000. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ చేతి వణుకును ఆపుతుంది కానీ, తిమింగలం కదలికను ఆపదు.

శీతాకాలంలో ఉత్తర నార్వేలోని ట్రామ్సో వైపు ధ్రువకాంతుల కోసం వెళ్లేవాళ్లు ట్రైపాడ్ తప్పదంటారు. ఒడ్డున దిగితే నిజమే. ఓడ మీద మాత్రం పది సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే నక్షత్రాలు మెలికల గీతలవుతాయి. అక్కడ పనికొచ్చేది 20 లేదా 24 ఎంఎం, ఎఫ్/1.4 లేదా ఎఫ్/1.8 ప్రైమ్. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 3200 నుంచి 6400, ఒకటి రెండు సెకన్ల ఎక్స్‌పోజర్. ఫ్యోర్డ్ లోపల నీళ్లు ప్రశాంతంగా ఉంటే ఆ కాస్త సమయంలో నక్షత్రాలు చుక్కల్లాగే నిలుస్తాయి.

అపోహ: చలికి కెమెరా పాడైపోతుంది

ఇది అందరినీ భయపెట్టే నమ్మకం. అసలు శత్రువు మీద నుంచి మన చూపును పక్కకు మళ్లించేది కూడా ఇదే.

అలాస్కా క్రూయిజ్‌లు నడిచేది ఎండాకాలంలో. అంటార్కిటిక్ ద్వీపకల్పానికి ఓడలు వెళ్లేది నవంబర్ నుంచి మార్చి దాకా, అంటే అక్కడి వేసవిలో, ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూ ఉన్నప్పుడు. ఈ చలిని నేటి కెమెరాలు తట్టుకుంటాయి. బ్యాటరీ మాత్రం త్వరగా దిగుతుంది. చలిలో లిథియం బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. అది చచ్చిపోవడం కాదు. లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే పోయిందనుకున్న చార్జ్‌లో కొంత తిరిగొస్తుంది. మూడు బ్యాటరీలు ఉంచుకుని, ఒకటి కెమెరాలో, రెండు జేబులో తిప్పుతూ వాడండి. విమానంలో విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉంచుకోండి.

అసలు శత్రువు తేమ. బయట గంటసేపు చల్లబడిన కెమెరాను వెచ్చటి డైనింగ్ హాల్‌లోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు నీళ్లు పడతాయి. లెన్స్ బయటే కాదు, లోపలి అద్దాల మీదా పట్టొచ్చు. నా మొదటి అలాస్కా ట్రిప్‌లో, ట్రేసీ ఆర్మ్ అనే ఫ్యోర్డ్‌లో, వేళ్లు వెచ్చబెట్టుకుందామని పది నిమిషాలు లోపలికి వెళ్లొచ్చాను. తిరిగొచ్చేసరికి లెన్స్ తెల్లగా మంచుపట్టిన అద్దంలా ఉంది. అది విడే లోపు ఓడ వెనక్కి తిరిగింది. సాయర్ హిమానీనదం ముందు గడిపిన ఆ సమయానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు. ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. లోపలికి వెళ్లే ముందు, డెక్ మీదే, మెమరీ కార్డునూ బ్యాటరీనీ తీసి జేబులో వేసుకుంటాను. కెమెరాను జిప్ ఉన్న గట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి పిండేసి మూస్తాను. నీళ్లు పట్టినా కవర్ మీదే పడతాయి. లోపలికి వచ్చాక గంట, గంటన్నర దాన్ని తెరవను. కార్డు జేబులోనే ఉంది కాబట్టి ఫొటోలు చూడాలన్న ఆరాటంతో తెరిచే అవసరమే రాదు. కాసేపట్లో మళ్లీ బయటికి వెళ్లేదుంటే కెమెరాను అసలు లోపలికి తేను. బాల్కనీలో, తడవని చోట, బ్యాగ్‌లో వదిలేస్తాను. ఇంత మేలు చేసే ఆ ప్లాస్టిక్ కవర్ మాత్రం కొనాల్సిన సామాన్ల జాబితాలో ఎవరూ రాసుకోరు.

అపోహ: వెదర్ సీలింగ్ ఉంటే ఎంత తడిసినా ఫర్వాలేదు

వాస్తవం: వెదర్ సీలింగ్ అంటే వాటర్‌ప్రూఫ్ కాదు. చినుకులకు ఫర్వాలేదు. జోడియాక్ రబ్బరు పడవలో అల ఎగిరి మీద పడితే మాత్రం లోపలికి దిగేది ఉప్పునీరు. వాన కవర్ తొడగండి. ఉప్పు ఆరిన లెన్స్‌ను పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు మంచినీళ్లతో తడిపిన గుడ్డ, తర్వాత పొడిగుడ్డ.

గాలి వీచే డెక్ మీద లెన్స్ మార్చడం ఇంకా ప్రమాదం. బడ్జెట్ ఉంటే ఒక గొప్ప బాడీ కన్నా రెండు మామూలు బాడీలు కొనమంటాను. ఒకదానికి వైడ్ జూమ్, ఇంకోదానికి పొడుగు జూమ్. రెండో బాడీ కొనే వీల్లేనివాళ్లకు మంచి ఫోన్ ఉంటే చాలు, వైడ్ ఫొటోలు అది తీస్తుంది. దాన్ని కూడా వెచ్చటి జేబులోనే ఉంచండి. ఐఫోన్లకు తయారీదారు చెప్పే కింది హద్దు సున్నా డిగ్రీలే.

అపోహ: మంచు నీలంగా రావాలంటే పోలరైజర్ కావాలి, ఎండ ఉండాలి

వాస్తవం: వందల ఏళ్లుగా నొక్కుకుపోయిన మంచులో గాలి బుడగలు చాలా తక్కువ. లోపలికి వెళ్లిన వెలుతురులోని ఎరుపును మంచు పీల్చుకుంటుంది, నీలం మిగిలి బయటికొస్తుంది. ఎండలో పైపొర తెల్లగా మెరిసి ఆ నీలాన్ని కప్పేస్తుంది. మబ్బు పట్టిన రోజే మంచు గాఢమైన నీలంలో కనిపిస్తుంది. కాబట్టి మబ్బు చూసి దిగులుపడి క్యాబిన్‌లో కూర్చోవద్దు. లెన్స్ ముందు పెట్టే ఈ పోలరైజర్ ఫిల్టర్ ఒకటి, రెండు స్టాప్‌ల (ఒక స్టాప్ అంటే సగానికి సగం) వెలుతురు తినేస్తుంది, వైడ్ లెన్స్‌లో ఆకాశాన్ని ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క లేతగా చేస్తుంది. నీళ్ల మీద మెరుపు తగ్గించడానికి అప్పుడప్పుడు పనికొస్తుంది, అంతే. దానికి బదులు రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉంచే ఫైల్) తీయడం, ఎక్స్‌పోజర్‌ను +0.7 నుంచి +1.3 దాకా పెంచడం అలవాటు చేసుకోండి. లేకపోతే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ తెల్లటి మంచును బూడిదరంగు చేస్తుంది.

అపోహ: డ్రోన్ తీసుకెళ్తే అందరికన్నా మంచి ఫొటోలు వస్తాయి

వాస్తవం: బ్యాగ్‌లో చోటు దండగ. అమెరికా నేషనల్ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్ ఎగరేయడం నిషేధం, గ్లేసియర్ బే కూడా అందులోదే. అంటార్కిటికా పర్యాటక సంస్థల సంఘం ఐఏఏటీఓ కూడా సరదాగా డ్రోన్ ఎగరేయడానికి ఒప్పుకోదు.

అదే సంఘం నిబంధనల్లో కెమెరా ఎంపికకు సంబంధించింది ఇంకోటుంది. బర్డ్ ఫ్లూ భయంతో ఒడ్డున దిగినవాళ్లు నేల మీద కూర్చోవడం, మోకరిల్లడం, పడుకోవడం, బ్యాగ్ కింద పెట్టడం కుదరదు. పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరం పాటించాలి. దాని కంటి ఎత్తు నుంచి తీయాలంటే, నిలబడి వంగి కెమెరాను కిందికి దించాలి. కాబట్టి స్క్రీన్ తిరిగే కెమెరాయే ఎంచుకోండి. ఈ ట్రిప్‌కి నేను మెగాపిక్సెళ్ల కన్నా దీనికే ఎక్కువ విలువిస్తాను.

అపోహ: అన్నీ తీసుకెళ్తే ఏదో ఒకటి పనికొస్తుంది

1915లో అంటార్కిటికా యాత్రకు వెళ్లిన అన్వేషకుడు షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్‌ను మంచు నలిపేసినప్పుడు, ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ తన గాజు నెగటివ్‌లలో సుమారు 120 ఉంచుకుని దాదాపు 400 పగలగొట్టాడు. బరువు మోసే దారి లేదు. ఆ తర్వాత ఆయన దగ్గర మిగిలింది చిన్న వెస్ట్ పాకెట్ కొడాక్ కెమెరా, మూడు ఫిల్మ్ రోళ్లు. ఎలిఫెంట్ ద్వీపంలో చిక్కుకున్న మనుషులను దాంతోనే తీశాడు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నా బ్యాగ్‌లోంచి ఇంకొక లెన్స్ తీసి బయట పెడతాను.

కొత్త కెమెరా కొన్నవాళ్లు ఓడ ఎక్కడానికి నెల ముందే దాన్ని చేతికి అలవాటు చేసుకోండి. చలికి వేసుకోబోయే గ్లోవ్స్ తొడుక్కుని, వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా ఐఎస్ఓ, ఫోకస్ పాయింట్, ఎక్స్‌పోజర్ మార్చడం రోజూ పది నిమిషాలు ప్రాక్టీస్ చేయండి. గ్లోవ్స్‌తో డయల్ తిప్పలేకపోతే, వాటి లోపల వేసుకునే పల్చటి జత ఇప్పుడే కొనండి.