నొప్పి మాత్రలు, అల్జీమర్స్: 2004 డిసెంబరులో తెగిన లెక్క

నొప్పి, వాపు తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి వాడినవారిలో డిమెన్షియా ముప్పు 12 శాతం తక్కువని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనం 2025లో చెప్పడంతో ఈ మాత్రలు డిమెన్షియాలో ముఖ్యమైన రకమైన అల్జీమర్స్‌ను అడ్డుకుంటాయన్న పాత వాదన మళ్లీ రాజుకుంది. 11,745 మందిని సగటున 14.5 ఏళ్లు గమనించి చెప్పిన మాట, కొట్టిపారేయలేం. కానీ ఇదే అధ్యయనం 2001లో, రెండేళ్లకు పైగా వాడినవారికి అల్జీమర్స్ ముప్పు 80 శాతం తక్కువంది. పైగా కొత్త విశ్లేషణలో మొత్తం ఎంత మందు మింగారన్నదానికీ ముప్పు తగ్గడానికీ పొంతన లేదు. కాపాడేది మందే అయితే మోతాదు ప్రభావం కనిపించాలి కదా. మతిమరుపు మొదలైనవాళ్లు నొప్పి చెప్పుకోవడం తగ్గిస్తారు, మాత్రలూ తగ్గుతాయి. అప్పుడు ఎక్కువకాలం వాడినవారే క్షేమంగా ఉన్నట్టు తోస్తుంది.

ఈ మాత్రలు ఏళ్ల తరబడి వాడే కీళ్లవాతం రోగుల్లో అల్జీమర్స్ తక్కువన్న కథతో ఈ వాదన మొదలైంది. అసలు మలుపు, ఈ మాత్రలు అల్జీమర్స్‌ను నివారిస్తాయా అని పరీక్షించిన అమెరికాలోని అడాప్ట్ ట్రయల్. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఈ జబ్బున్న, 70 దాటిన 2,528 మందిని తీసుకున్నారు. నొప్పి మాత్రల్లో రెండింటిని ఎంచుకున్నారు: కొందరికి నాప్రోక్సెన్ సోడియం 220 మిల్లీగ్రాములు, కొందరికి సెలెకాక్సిబ్ 200 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. మిగతావారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర. 2004 సెప్టెంబరు 30న, గుండెపోటు ముప్పు వల్ల, సెలెకాక్సిబ్ తరహా నొప్పి మాత్ర వయాక్స్‌ను మార్కెట్ నుంచి ఉపసంహరించారు. డిసెంబరు 17న, పెద్దపేగులో పాలిప్‌ల (చిన్న కండ పెరుగుదలల) నివారణకు సెలెకాక్సిబ్ ఇస్తున్న వేరే ట్రయల్‌లో గుండె జబ్బుల ముప్పు రెట్టింపు దాటిందని బయటపడింది. అడాప్ట్‌లోనూ అదే రోజు మాత్రలు ఆపేశారు.

అప్పటికి తేలిన అల్జీమర్స్ కేసులు కొద్దే. మధ్యలో ఆపేశారు కాబట్టి ఏమీ రుజువు కాలేదని మందును సమర్థించేవారు నేటికీ అంటారు. సంఖ్య చిన్నదే, ఖాయంగా చెప్పలేం. అయితే ఆ కొద్ది కేసుల్లోనూ మొగ్గు మందుకు వ్యతిరేకంగానే ఉంది: రెండు మాత్రల వర్గాల్లోనూ ముప్పు ఉత్తుత్తి మాత్ర వర్గానికి రెట్టింపు అటూ ఇటూ. తర్వాత ఏళ్ల తరబడి గమనించినా రక్షణ నిలబడలేదు. స్వల్ప మతిమరుపున్న 1,457 మందిపై వయాక్స్ ట్రయల్‌లో ఏటా అల్జీమర్స్‌లోకి జారినవారు 6.4 శాతం, ఉత్తుత్తి మాత్రతో 4.5 శాతమే.

జబ్బు రాకముందే మొదలుపెట్టాలన్న వాదననూ మాంట్రియల్‌లో పరీక్షించారు. కుటుంబంలో జబ్బున్న 195 మందిలో కొందరికి రెండేళ్లు నాప్రోక్సెన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర. 2019లో వచ్చిన ఫలితంలో లాభం లేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువ. మెదడు చుట్టూ ఉండే వెన్నుద్రవంలోకి చేరిన మందు రక్తంలో ఉన్నదాంట్లో నూరో వంతు.

ఇక మిగిలింది నలభై ఏళ్ల వయసులోనే మొదలుపెట్టాలనడం. అంటే ఏ జబ్బూ లేనివాళ్లు ఇరవై ఏళ్లపాటు కడుపులో పుండ్లకు, రక్తస్రావానికి, కిడ్నీ దెబ్బకు సిద్ధపడి రోజూ మింగాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారికి ఆ రక్తస్రావం ముప్పు ఇంకా ఎక్కువ.