మొదటి నవల దొరికేదాకా ఆగకండి

నల్లగొండలో లైబ్రరీ కౌంటర్ దగ్గర కూర్చుంటే వారం తిరక్కుండా వినబడే ప్రశ్న ఇది: "సార్, వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య నవలలు ఏ వరుసలో చదవాలె?" అడిగేవాళ్లలో గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యే పిల్లలే ఎక్కువ. మొదటిది అనుకునే 'చిల్లర దేవుళ్లు' బయటికి వెళ్లిందంటే మిగతావి ముట్టుకోకుండా వెళ్లిపోతారు. చాలామంది మళ్లీ రారు.

అపోహ: ఇదంతా ఒకటే సీరియల్, మొదటిది చదవకపోతే తర్వాతివి అర్థం కావు.

వాస్తవం: ఏ నవల కథ దానిదే. వీటిని కలిపేది తెలంగాణ చరిత్ర. నవలల్లో ఆ చరిత్ర చెప్పే పని మొదలుపెట్టిన ఆళ్వారుస్వామి 1961లో పోయారు. దాన్ని రంగాచార్య అందుకున్నారు. అందుకే రాసిన వరుస వేరు, కథాకాలం వరుస వేరు. ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' తర్వాత రంగాచార్య రాసిన 'చిల్లర దేవుళ్లు'లో ఉన్నది అంతకంటే ముందు కాలం. పుకార్లన్నీ ఇక్కడే పుడతాయి. పరీక్ష టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ఎవరో ఒక లిస్టు పంపి, ఇదే కరెక్ట్ అంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

చండూరు వైపు అమ్మాయి ఒకామె వస్తే రంగాచార్య 'మోదుగుపూలు' ఒక్కటే ఉంది. "ఇదే తీసుకుపో బిడ్డా" అన్నాను. సాయుధ పోరాటం నాటి కథ. చదువుతూ చదువుతూ వెట్టి గురించి నాయనమ్మను అడిగిందట. నాయనమ్మ వాళ్ల నాయిన తెల్లారకముందే దొర గడీకి పాలు మోసిన సంగతి ఆ ఇంట్లో అప్పుడే బయటపడింది. మళ్లీ వచ్చినప్పుడు ఆ అమ్మాయి అడిగింది వరుస కాదు: "దీనికి ముందు ఊళ్లు ఎట్లుండె సార్?" అప్పుడు 'చిల్లర దేవుళ్లు' చేతిలో పెట్టాను.

ఆళ్వారుస్వామి 'గంగు' అసంపూర్తి, చదవడం దండగ అంటారు. అసంపూర్తి నిజమే, దండగ మాత్రం కాదు. భాష కష్టమనేది మన జిల్లావాళ్లు అనాల్సిన మాటే కాదు.

అన్నీ దొరికితే కథాకాలం వరుసలో చదవండి: చిల్లర దేవుళ్లు, ప్రజల మనిషి, గంగు, మోదుగుపూలు, జనపదం. దొరక్కపోతే ర్యాక్‌లో ఏది ఉంటే అది రాయించుకుని వెళ్లండి. మిగతావి వాపసు రాగానే పక్కన పెట్టి ఉంచుతాను.